బెల్టు కింద పలక

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసులు ఇంకా సింకులో ఉండగానే ఆ ఇంట్లో ట్రెడ్‌మిల్ ముస్తాబు మొదలయ్యేది. మామగారు ముప్పై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషి. యంత్రం కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. ప్లగ్గు పీకి, కడ్డీలు తుడిచి, మోటారు మూత విప్పి బ్రష్షుతో దుమ్ము దులిపేవాడు. తనని పెంచేటప్పుడు ఇందులో సగం ఓపిక కూడా చూపించలేదని కొడుకు వేళాకోళం చేసేవాడు.

ఆ వారం ఆయన కుడి మణికట్టు బెణకడంతో పని కోడలి మీద పడింది. ఆమె సంతోషంగానే కూర్చుంది. బుధవారం ఆయన్ని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మామయ్య ఏడాదిగా రోజూ అరగంట నడుస్తున్నారని కిందటిసారి ఆమే గొప్పగా చెప్పింది. అలాగైతే ఈసారి మాత్రల్లో ఒకటి తగ్గిద్దామన్నాడు డాక్టరు.

ఆయన కుర్చీలో కూర్చుని పని పురమాయిస్తున్నాడు. వెనక బోల్టులు రెండూ సమంగా వదులు చెయ్యమన్నాడు. బెల్టు కింద అంచుల దగ్గర తుడిస్తే చాలు, మధ్యలోకి చెయ్యి పెట్టక్కర్లేదన్నాడు. చేసే పని సగంలో ఆపే రకం కాదు ఆమె. బెల్టు ఎత్తి, గుడ్డతో చెయ్యి లోపలికంటా పోనిచ్చింది.

లోపలి పలక నున్నగా తగిలింది. వంగి చూసింది. అడుగులు పడే చోట అరుగుదల ఉండాలి కదా, కొన్న రోజు మెరుపు ఇంకా అలాగే ఉంది. పక్కనే ఆయన బూట్లున్నాయి. ఒకటి తిరగేసింది. అడుగున కంపెనీ స్టిక్కరు కాస్త నలిగిందే తప్ప ఊడలేదు.

"మామయ్యా, మీరు దీని మీద ఎన్నాళ్లు నడిచారు?"

రోజూ నడుస్తూనే ఉన్నానని బుకాయించబోయాడు. కానీ ఆమె చేతిలో ఉన్న బూటు చూశాక గొంతు తగ్గిపోయింది.

"రెండు రోజులు."

మిగతా రోజులన్నీ తలుపు దగ్గరగా వేసి, మిషన్ ఆన్ చేసి, పక్కన కుర్చీలో కూర్చునేవాడట.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. డాక్టరుకి తన నోటితో చెప్పిన అబద్ధం, తగ్గిపోబోయే మాత్ర, అన్నీ ఏకరువు పెట్టి కడిగేసింది. "మీకేమైనా అయితే మీ అబ్బాయికి నేనేం చెప్పుకోవాలి?"

ఆయన మిషన్ వైపు చూశాడు.

"గుండె నొప్పి వచ్చిన రోజు నడుస్తూ నడుస్తూనే కదమ్మా రోడ్డు మీద పడిపోయాను. దీనిమీద కాళ్ల కింద బెల్టు కదులుతుంటే మళ్లీ అలాగే అవుతుందని భయం. ఆపేద్దామంటే, వంటింట్లో ఆ చప్పుడు వింటూ నువ్వు నిశ్చింతగా పని చేసుకుంటావు. ఒకసారి కరెంటు పోయి ఆగితే చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చావు."

ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో ఆయన్ని వీధి చివరిదాకా చెయ్యి పట్టుకుని నడిపించింది తనే. ఆఫీసుకి ఆలస్యమవుతోందని ఈ మిషన్ కొనిపించిందీ తనే. ఏడాదిపాటు చప్పుడు వింది. ఒక్కసారి తలుపు తోసి చూసిన పాపాన పోలేదు.

బోల్టులు బిగించి, ప్లగ్గు పెట్టింది. స్టిక్కరు గోటితో పీకేసి, ఆయన కాళ్లకి బూట్లు తొడిగి లేసులు కట్టింది.

"బుధవారం డాక్టరుకి ఉన్నదున్నట్టు నేనే చెప్తాను. ఎంత నడవచ్చో ఆయన్నే అడుగుదాం. ఇవాళ్టికి రెండే నిమిషాలు. నేను పక్కనే ఉంటాను."

ఆయన ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. ఆమె అన్నిటికంటే తక్కువ వేగం పెట్టి, అరచెయ్యి ఆయన వీపుకి ఆనించింది. చొక్కా కింద వెన్ను వణకడం తెలుస్తోంది. పది అడుగులయ్యాక ఆయన కిందికి చూశాడు.

"బెల్టు ఎడమకి లాగుతోందమ్మా. ఎడమ బోల్టు పావు చుట్టు బిగించాలి."

"ఇన్నాళ్లూ లాగలేదా?"

"మనిషి ఎక్కితేగా తెలిసేది," అన్నాడు ఆయన, నడక ఆపకుండానే.