రబ్బరు పొర కింద

ఆ వీధిలో ఆమెను అందరూ బొత్తాలక్క అంటారు. పాత వీడియో గేముల కంట్రోలర్లు బాగుచేయడం ఆమె పని. ముప్పై ఏళ్ళ కిందటి గేము పెట్టెల్ని ఇంకా ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళ చేతుల్లో అరిగిన బటన్లన్నీ చివరికి ఆమె బల్ల మీదికే చేరతాయి. గది ముందు సగంలో ఆమె ఆడపడుచు కుట్టుమిషను పెట్టుకుంది. బొత్తాలక్క అన్న పేరు విని చొక్కాలు పట్టుకొచ్చేవాళ్ళూ ఉండేవారు. ఆడపడుచు వాళ్ళలో ఒక్కరినీ వదిలేది కాదు.

మనిషి చేతి మురికి బొత్తాలక్కకు కొత్త కాదు. చెమట, తలనూనె, చిరుతిళ్ళ పొడి, ఒకసారైతే పిల్లాపాపలతో సహా ఒక బొద్దింక కాపురమే బయటపడింది. ఊదిపారేసి, చెయ్యి కడుక్కుని అన్నం తినేది.

ఒక వాన మధ్యాహ్నం కళ్ళజోళ్ళ కొట్టతను వచ్చాడు. వీధి చివర అతని కొట్టు. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులోని కంట్రోలర్‌ను రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి బల్ల మీద పెట్టాడు.

"మా అన్నయ్యది అక్కా. పోయి రెండు నెలలైంది. ఇది ఎవరూ ముట్టుకోకపోయినా దానంతటదే నొక్కుకుంటోంది. తెర మీద బొమ్మ నడుస్తుంది, గెంతుతుంది. పెద్దోడు ఆడుతున్నాడని అమ్మ దాని ముందు నుంచి లేవట్లేదు. తిండీ నిద్రా అక్కడే."

"తీగ పీకేయకపోయావా?"

"పీకితే గుండెలు బాదుకుంటోంది. పాడైంది కాబట్టి అలా చేసింది, బాగుచేయించాను, ఇక ఆగింది అని చెబితే నమ్ముతుందేమో. ఆడటానికి కాదక్కా, ఆగటానికి రిపేరు చెయ్యాలి."

"బటన్ల కింద మెత్తటి రబ్బరు పొర ఉంటుందయ్యా. దాని కింద తడి చేరితే నొక్కకపోయినా నొక్కినట్టే లెక్క. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. రేపు రా."

అతను వెళ్ళాక అయిదు స్క్రూలూ విప్పి మూత ఎత్తింది. వాసన ముందు వచ్చింది. మూడు రోజులు విప్పని కట్టు కింద పుండు వాసన.

"వదినా, ఏంటా కంపు?" అంది ఆడపడుచు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

బటన్ల చుట్టూ గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. చెవి గులిమి లాగా మెత్తగా, బంకగా. చాకు మొనతో గీస్తే తీగలా సాగింది. అందులో చిన్న చిన్న వెంట్రుకలు, వేళ్ళ మీద మొలిచేలాంటివి. రబ్బరు పొరను వట్టి చేత్తోనే పట్టి లాగింది. అది తడి పట్టీ ఊడినట్టు చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. స్పిరిట్ పోసి, దూది పుల్లలతో అద్దంలా తుడిచి, బిగించేసరికి గంట పట్టింది. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున తన దగ్గరున్న గేము పెట్టెకు తగిలించి, పాత టీవీలో చూసింది. బొమ్మ కాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత నాలుగడుగులు వేసింది. బల్ల మీద కంట్రోలర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. బటను మాత్రం కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది.

విప్పి చూస్తే నిన్న తుడిచిన చోటే మళ్ళీ అంత మురికీ ఉంది. ఈసారి అది వెచ్చగా ఉంది.

కళ్ళజోళ్ళతను రాగానే కూర్చోబెట్టింది. "నిజం చెప్పు. మీ అన్నయ్య ఎలా పోయాడు?"

అతను తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"పదకొండు నెలలు మంచంలో ఉన్నాడక్కా. బొటనవేళ్ళు రెండూ తప్ప ఏవీ కదిలేవి కావు. నిద్రలో కూడా దీన్ని వదిలేవాడు కాదు. ఒళ్ళు తుడిచే పని నాది. ఒళ్ళంతా తుడిచేవాణ్ణి. చేతుల దగ్గరికొచ్చేసరికి గుడ్డ పక్కన పడేసేవాణ్ణి. దీని కింద అరచేతులు నానిపోయి, తెల్లగా ఉబ్బి... తుడిచానని అమ్మకు అబద్ధం చెప్పేవాణ్ణి. ఆఖరి నాలుగు నెలలూ తుడవలేదు."

"అతనేమీ అనలేదా?"

"మాట లేదుగా. తెర మీద బొమ్మను నా వైపు తిప్పి నిలబెట్టేవాడు. నేను గదిలో ఉన్నంతసేపూ అది అలాగే నన్ను చూస్తూ ఉండేది."

కుట్టుమిషను ఎప్పుడో ఆగిపోయింది. బొత్తాలక్కకు అతని మీద జాలి వేయలేదు. ఒకలాంటి రోత వేసింది. ఆ రోత అతనికీ తెలిసిందేమో, లేచి తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాన మళ్ళీ పట్టుకుంది. కరెంటు పోయింది. ఆడపడుచు కొవ్వొత్తి వెలిగించి, స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. ఇంటికి పొమ్మన్నా పోలేదు.

బొత్తాలక్క స్క్రూలు విప్పి మూత ఎత్తింది. ఇద్దరూ ఒకేసారి ముఖాలు తిప్పుకున్నారు.

రబ్బరు పొర బుడిపెల మీద, ఒక్కోదానికి ఒక్కో తొడుగులా, పల్చని పొట్టు. నానిన పెసల మీది పొట్టంత పల్చన. కొవ్వొత్తి దగ్గరగా పెడితే దాని మీద గీతలు కనిపించాయి. గుండ్రంగా, వరసగా తిరిగిన గీతలు.

"వదినా... అవి బొటనవేళ్ళ కొసలు," అంది ఆడపడుచు గుసగుసగా.

"తెలుస్తూనే ఉంది. నోరుమూసుకో."

పట్టకారుతో ఒకటి పట్టి లాగింది. ఊడింది. కింద మరొకటి ఉంది. దాన్నీ లాగింది. దాని కింద మరొకటి... కొన్ని ముసలి చర్మంలా ముడతలు పడి ఉన్నాయి. కొన్ని లేతగా ఉన్నాయి. ఒక్క మనిషివి కావవి. ఆడపడుచు బయటికి పరుగెత్తి గుమ్మం దగ్గర వాంతి చేసుకుంది.

పట్టకారు జారింది. పొర జరిగిపోకుండా బొత్తాలక్క బొటనవేలితో అదిమి పట్టింది.

రబ్బరు కింద నుంచి ఏదో ఆమె వేలిని నొక్కింది.

మెత్తగా. ఒకసారి...

ఆగి, ఇంకోసారి...

తర్వాత నొక్కి, అలాగే ఉంచింది. పట్టు దొరికినట్టు.

ఆమె వేలు లాక్కుంది. రాలేదు. కాలు బల్లకు తన్ని పెట్టి మళ్ళీ లాక్కుంది. తడి చప్పుడుతో ఊడి వచ్చింది. రక్తం లేదు, నొప్పి లేదు. కొస మాత్రం చల్లగా ఉంది.

ఆ తర్వాత ఆమె ఏం చేసిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. పాత రబ్బరు, పొట్టు, దూది అంతా ఒక డబ్బాలో వేసి, సీసం టంకంతో మూత అతికేసి, మురిక్కాలవ అవతల పాతిపెట్టి వచ్చింది. కొత్త రబ్బరు వేసి బిగించింది. మర్నాడు రోజంతా టీవీకి తగిలించి ఉంచితే బొమ్మ ఒక్క అడుగు వేయలేదు. కళ్ళజోళ్ళతను వచ్చి పట్టుకుపోయాడు. ఈసారి రెండు వేళ్ళతో కాదు, రెండు చేతులతో పట్టుకుని.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున అతను మళ్ళీ వచ్చాడు. ముఖం తేటగా ఉంది. తల నున్నగా దువ్వుకున్నాడు.

"అమ్మ లేచి తిరుగుతోందక్కా. వేళకు తింటోంది. సాయంత్రాలు ఇద్దరం కలిసి ఆడుతున్నాం. మీ చలవే."

"మంచి మాట చెప్పావు," అంది బొత్తాలక్క. నిజంగానే గుండె తేలికపడింది.

అమ్మ ఫోటో చూపిస్తానంటూ అతను ఫోను తీసి బొటనవేలు ఆనించాడు. తెరుచుకోలేదు. ఇంకోసారి ఆనించి, విసుక్కోకుండా అంకెలు కొట్టి తెరిచాడు.

"ఈ మధ్య నా వేలు తీసుకోవట్లేదు. అమ్మకూ అంతే, ఆసుపత్రిలో వేలిముద్ర పడలేదు." అరచేతులు చాచి చూపించాడు. రెండు బొటనవేళ్ళూ అరిగిన సబ్బు బిళ్ళల్లా నున్నగా ఉన్నాయి.

తర్వాత చొక్కా జేబులోంచి ఇంకో ఫోను తీశాడు. పాతది, అంచులు పగిలింది.

"ఇది అన్నయ్యది. ఆయన వేలికి తప్ప దేనికీ తెరుచుకునేది కాదు. అంకెలు మాకెవరికీ తెలియవు. పోయినప్పటి నుంచీ బీరువాలోనే ఉంది, చార్జింగ్ మాత్రం ఆరనివ్వలేదు."

వేలు ఆనించాడు. తెర తెరుచుకుంది.

"అమ్మ వేలికీ తెరుచుకుంటోంది," అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు, భయం లేదు. ఎవరి కళ్ళజోడు పవరో చెబుతున్నట్టుంది. తెర ఆర్పి, ఫోనును బల్ల మీద మెల్లగా ఆమె వైపు జరిపాడు.

"మీరూ వట్టి చేతులతోనే పట్టుకున్నారు కదా అక్కా. ఒకసారి పెట్టి చూడండి."

బొత్తాలక్క రెండు చేతులూ వెనక్కి తీసుకుని బల్ల కింద ఒళ్ళో పెట్టుకుంది. "వద్దులే," అంది.

అక్కడ, ఎవరికీ కనిపించకుండా, బొటనవేలిని చూపుడువేలి మీద మెల్లగా రాసుకుంది. మళ్ళీ రాసుకుంది.

గరుకు తగల్లేదు.