మారెమ్మ పాడే ఇల్లు

బెళుగుప్ప దాటి పడమరగా రెండు మైళ్లు పోతే రోడ్డు పక్కన ఒంటరిగా ఒక మిద్దె ఉండేది. చుట్టూ ఎర్రమట్టి, రాళ్లు, వాన రాక వదిలేసిన శెనక్కాయ చేను. పగలు చూస్తే ఏమీ లేదు, సున్నం కొట్టిన మామూలు ఇల్లు. పొద్దు గూకినాక మాత్రం ఆ పక్కకు ఎవరూ నడిచేవాళ్లు కాదు. సైకిలోళ్లు తల పక్కకు తిప్పకుండా తొక్కేవాళ్లు. ఆఖరి బస్సు డ్రైవరు కూడా ఆడ హారన్ కొట్టేవాడు కాదంట.

ఎందుకంటే ఆ ఇంట్లో మారెమ్మ పాడతాండేది.

మారెమ్మ యేసన్న పెండ్లాము. రెండువేల రెండు ఎండాకాలంలో జరమొచ్చి మూడు దినాలకే పోయింది. బతికున్నప్పుడు చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆ గొంతు తెలియని వాళ్లు చుట్టుపక్కల లేరు. ఆమెను మట్టిలో పెట్టినాక ఏడాదికి — ఆ గొంతు మళ్లీ లేచింది. తాళం వేసిన ఇంట్లో. దీపం లేదు, మనిషి లేడు, పాట మాత్రం నిండుగా, పక్కన నిలబడి పాడినట్లే...

యేసన్న రేడియోలు, మైకుసెట్లు బాగు చేసే మనిషి. పెండ్లాము పోయినాక ఇంటికి తాళం వేసి, వెనకాల చేనులో ఎండిపోయిన బోరు కాడుండే మోటరు రూములో మకాం పెట్టినాడు. ఇంటికీ ఆ రూముకీ రెండు నూర్ల అడుగులుంటాది. పనీ ఆడే, పడకా ఆడే. ఒకసారి ఎవరో ధైర్యం చేసి అడిగినారంట — "యేసన్నా, మీ ఇంట్లో పాట ఇనపడతాది గదప్పా..." అని.

తల ఎత్తకుండానే అన్నాడంట — "పాడితే పాడనీలేప్పా. నీకేం బరువు?"

ఆ మాటతో ఊరు ఇంకా బెదిరిపోయింది.

ఇదంతా నాకు చెప్పింది ఆదెన్న. గొర్రెలు కాసుకునే మనిషి. ఇది జరిగింది రెండువేల నాలుగులో, వరసగా మూడో ఏడు కూడా వాన మొగం చాటేసినప్పుడు. పచ్చిక కోసం జీవాలను దూరం తోలుకుపోయి వచ్చేసరికి రోజూ మసకపడేది. దారి మాత్రం అదొక్కటే. ఆ ఇల్లు దాటక తప్పేది కాదు.

సోమవారం సాయంత్రం. గాలి లేదు. గొర్రెల కాళ్ల కింద దుమ్ము లేచి లేచినచోటే నిలబడి ఉండాది. ఆదెన్న ముందు, వెనక వాని కుక్క కరియ. ఇల్లు ఇంకా ఇరవై అడుగులుందనగా రోడ్డు మీద స్తంభం దీపం వెలిగింది. కరెంటొచ్చింది.

కొంచేపటికి... పాట మొదలైంది.

"ఎండిన దారిలో నీడవు నీవే..."

ఇది కొత్త కాదు. ఆదెన్న ఎప్పుడూ చేసినట్లే చెవుల మీదికి తువ్వాల లాక్కుని అడుగు పెద్దది చేసినాడు. ఒక చరణం అయిపోయింది. రెండోది ఎత్తుకునే ముందు మారెమ్మ ఊపిరి పీల్చుకునేంత సందు ఉంటాది.

ఆ సందులో — ఇంకో గొంతు.

మగ గొంతు. గొంతు అనేకి కూడా లేదు, గరగరమని రాయి మీద రాయి లాగినట్లు. "మా... మా..."

గొర్రెలు నిలబడిపోయినాయి.

"మా... ఆ... రా..."

ఆ శబ్దం ఎంత చిన్నగా ఉండాదో అంత దగ్గరగా ఉండాది. చెవిలో నోరు పెట్టి అన్నట్లు. తాళం చూస్తే వేసినట్లే ఉంది. కిటికీలు మూసినట్లే ఉన్నాయి. ఆదెన్న చేతిలో కట్టె జారిపోయింది. ఎట్ల పరిగెత్తినాడో వానికే తెలీదు. రెండు గొర్రెలు చేనులోకి పడి రాత్రంతా దొరకలేదు.

ఇంటికి పోయి పెండ్లానికి చెప్పినాడు. ఆంజినమ్మ జొన్నరొట్టె తడతా ఇని, "మారెమ్మ ఒక్కతే గదా ఉండాల్సింది? మగోడు యాడ్నించి వచ్చినాడు?" అనింది.

"అదే గదే నేను చెప్తాండేది!"

మరుసటి దినం ఊర్లో మాట పాకింది. యేసన్న యాడ అని ఎవరో అడిగితే, ఆదివారం చర్చికని పామిడిలో చెల్లెలింటికి పోయింటాడు, నాలుగు దినాలు ఆడే ఉండిపోవడం అలవాటే గదా అనుకున్నారు. పెద్దాయన కొండప్ప మాత్రం తేల్చేసినాడు — "ఒంటరి ఇల్లు. ఆడ దెయ్యానికి తోడు దొరికింది. ఇప్పుడే శాంతి చేయకపోతే ఊర్లోకి వస్తాది."

మంగళవారం పొద్దు గూకేటప్పుడు అయిదు మంది పోయినారు. కొండప్ప, ఆదెన్న, ఇంకో ముగ్గురు. టెంకాయ, నిమ్మకాయలు, కర్పూరం. గేటు కాడ నిలబడినారు, లోపలికి ఒక్కడూ అడుగు పెట్టలేదు. కరెంటు ఉండాది. మారెమ్మ పాడతాండాది.

పాట ఆగింది.

"ర్రా... ర్రా... నీ..."

"పిలుస్తాండాదిరోయ్!" అని ఎవడో అరిచినాడు. కొండప్ప టెంకాయ గేటు రాయికేసి కొట్టినాడు. నీళ్లు దుమ్ములో పడి ఇంకిపోయినాయి. కర్పూరం వెలిగించనే లేదు. అందరూ వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసినారు. వెనక చూస్తే వెంట వస్తాదని నమ్మకం.

ఆ రాత్రి ఆదెన్నకు ముద్ద దిగలేదు. ఆంజినమ్మ చూసి చూసి అడిగింది.

"ఈ పొద్దు ఏమనింది అది?"

"రా రా అనింది. నీ... నీ... అని కూడా..."

"నీ అంటే?"

"నాకేం తెలుసే. నీళ్లు అన్నట్లుండె."

ఆంజినమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది. "నీళ్లు అంటే, నువ్వు ఏం చేసినావు?"

"నేనేం చేస్తా? కొండప్ప టెంకాయ కొట్టినాడు. వచ్చేసినాం."

"నీళ్లడిగితే టెంకాయ నీళ్లు మట్టిలో పోసి వచ్చినారా అయిదు మంది మగోళ్లు!" ఆయమ్మ లేచి కుండలో చెంబు ముంచింది. "ఈ కరువులో కుక్క అడిగినా లేదనలేదు నేను. దెయ్యమైతే మాత్రం దప్పిక ఉండదా? లెయ్."

"ఇప్పుడా?"

"రేపటికి దప్పిక ఆగతాదా?"

పోయినారు. ఆయమ్మ ముందు, నీళ్ల చెంబు రెండు చేతుల్లో పట్టుకుని. వెనక లాంతరుతో ఆదెన్న. వాని వెనక కరియ. మధ్యలో కరెంటు పోయింది. ఇల్లు నల్లగా నిలబడి ఉండాది. చిన్న సప్పుడు కూడా లేదు.

"చూసినావా, ఏమీ లేదు. పోదాం పా" అన్నాడు ఆదెన్న గుసగుసగా.

ఆంజినమ్మ గేటు తోసింది. తాళం చిన్నది, పాతది. రాయి తీసుకుని మూడు దెబ్బలు వేస్తే ఊడొచ్చింది.

లోపల... దుమ్ము లేదు. ఎవరో దినామూ ఊడ్చినట్లుంది. దండెం మీద ఆడమనిషి చీర మడత పెట్టి ఉండాది. గోడకు మారెమ్మ ఫోటో. దాని కింద పెద్ద స్టీరియో సెట్టు, దానికి అటొకటి ఇటొకటి నడుమెత్తు స్పీకరు బాక్సులు. మనిషి లేడు. ఆదెన్న లాంతరు ఎత్తి మూలమూలకూ చూసినాడు. ఎవ్వరూ లేరు.

అప్పుడు కరెంటొచ్చింది.

సెట్టు మీద ఎర్రదీపం వెలిగింది. బాక్సుల్లో ఒకటే హోరు, దూరాన వాన వచ్చినట్లు. రెండు నిమిషాలు అదే హోరు. తర్వాత టక్కుమని ఏదో తెగినట్లయి హోరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో —

ఊపిరి.

రెండు బాక్సుల్లోంచీ. బరువుగా, ఆగి ఆగి... "నీ... ల్లు..."

ఆదెన్న గోడకు అతుక్కుపోయినాడు. ఆంజినమ్మ ముందుకు పోయింది. చెంబు తీసి బాక్సు ముందర పెట్టింది.

"తాగు నాయనా" అనింది. "తాగి శాంతించు."

ఊపిరి ఆగలేదు. చెంబులో నీళ్లు కదల్లేదు. మారెమ్మ పాట మొదలైంది. ఆ పాట కింద ఆ ఊపిరి.

అప్పుడు చూసుకున్నారు, కరియ లేదు. వాకిట్లో లేదు. గేటు కాడ లేదు.

భౌ... భౌ...

కుక్క అరుపు. బాక్సులోంచి.

"కరియ!" అని అరిచినాడు ఆదెన్న. "నా కుక్కను లోపలికి లాక్కునిందే!"

"ఉండు." ఆంజినమ్మ చెయ్యి ఎత్తింది. "మెల్లగా ఉండు... ఇను."

భౌ...

బాక్సులో అరిచింది. అదే అరుపు, అదే క్షణంలో, వెనకాల చేనులోంచి కూడా వచ్చింది. మళ్లీ అరిచింది. ఇక్కడా, ఆడా. ఇక్కడ దగ్గరగా, ఆడ దూరంగా. ఒకటే కుక్క.

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"మోటరు రూము" అన్నాడు ఆదెన్న. అన్నాకే వానికి తట్టింది. మా, మా, అని సోమవారం తాను ఇన్నది మారెమ్మ పేరు కాదు, నోరు తిరగక అన్న "మోటరు" మాట.

చెంబు పట్టుకుని ఆంజినమ్మ పరిగెత్తింది. కరియ తలుపును కాళ్లతో గీకతాండాది. ఆదెన్న రెండు సార్లు భుజంతో గుద్దితే లోపలి గడియ ఊడింది.

యేసన్న నేల మీద పడి ఉండాడు. ఒక పక్క మొగం జారిపోయి ఉండాది, కుడిచెయ్యి కట్టెలాగా కింద ఇరుక్కుని ఉండాది. బల్ల మీద కంప్యూటరు వెలుగుతాండాది, దాంట్లోంచే పాట. పడేటప్పుడు వైరు పట్టి లాగినట్లుండాడు, చిన్న మైకు ఎడమచేతిలోకి వచ్చింది. దాన్ని పెదాలకు ఆనించుకుని ఉండాడు. పెదాలు పగిలి నల్లగా ఉండాయి. కళ్లు తెరిచే ఉండాయి.

ఆంజినమ్మ కొంగు తడిపి చుక్క చుక్క నోట్లో పిండింది. సగం పక్కకు కారిపోయింది.

ఆ రాత్రే కొండప్ప ట్రాక్టరులో అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయినారు. పక్షవాతం అన్నారు. పడింది ఆదివారం రాత్రి అయింటాదన్నారు. "మొదటి దినమే తెచ్చింటే..." అని డాక్టరు ఆగిపోయినాడంట. పక్కన నిలబడిన కొండప్ప అది ఇని, ఆసుపత్రి గేటు బయటికి పోయి కూచుండిపోయినాడు.

నాలుగు దినాల తర్వాత ఊర్లో కంప్యూటరు సెంటరు నడిపే సురేంద్ర వచ్చి అన్నీ చూసి చెప్పినాడు. మారెమ్మ పాడినప్పుడు యేసన్న క్యాసెట్లలో పట్టి పెట్టుకున్నాడు. అవన్నీ కంప్యూటరులోకి ఎక్కించుకున్నాడు. అగ్గిపెట్టంత ఎఫ్ఎం పరికరం ఒకటి చేతితోనే చేసుకుని కంప్యూటరుకు తగిలిస్తే, వైరు లేకుండానే పాట గాలిలో పోయి ఇంట్లో స్టీరియోలో పలుకుతాది. కరెంటు రాంగానే కంప్యూటరు తనంతట తనే లేసి పాట ఎత్తుకునేట్లు పెట్టుకున్నాడు. ఇల్లు మూగగా ఉంటే ఓర్చుకోలేకపోయినాడు, అంతే.

"మరి మైకెందుకప్పా?" అని అడిగినాడు ఆదెన్న.

సురేంద్ర మైకు చేతిలోకి తీసుకున్నాడు. "సాయంత్రం పూట ఇంటితో మాట్లాడేవాడేమో అన్నా. ఏం తిన్నాను, ఏం పని చేసినాను అని... తెలీదు."

"మేము గేటు కాడ అరుచుకునేది ఆయప్పకు ఇనపడిందా?"

"లేదన్నా. ఈ రూములో మాట ఆ ఇంటికి పోతాది. ఆడి మాట ఈడికి రాదు. ఎవరన్నా ఇంటాండారో లేదో తెలీకుండానే పిలిచినాడు."

యేసన్న బతికినాడు. కుడి పక్క రాలేదు. మాట రాలేదు. చెల్లెలు గౌతమి పామిడికి తీసుకుపోయింది.

ఆర్నెల్లకు ఆదెన్న చూసేకి పోయినాడు. చూసేకే కాదు, చెప్పేకి. సోమవారం ఇన్నాననీ, మంగళవారం మళ్లీ అయిదు మంది ఇన్నామనీ. అది చెప్పి కాళ్లు పట్టుకోవాలని దారి పొడుగునా మాటలు కూడగట్టుకున్నాడు.

ఇల్లు చేరంగానే గౌతమి ఎదురొచ్చి చేతులు జోడించింది. "నీ గురించే దినామూ అనుకుంటామన్నా. గొంతు ఇనపడంగానే, దెయ్యమో ఏమో అని కూడా చూడకుండా రాత్రిపూట పరిగెత్తుకొచ్చినావంట గదా. దేవుడే పంపినాడు నిన్ను."

ఆదెన్న నోరు తెరిచినాడు. యేసన్న మంచం మీద ఒరిగి కూచోని ఉండాడు. వీన్ని చూసి బాగుండే సగం మొగం నవ్వింది. ఎడమచెయ్యి చాపి వీని చెయ్యి పట్టుకుని, మెల్లగా తీసుకుపోయి తన నుదుటికి ఆనించుకున్నాడు.

బస్టాండులో నాకు ఇది చెప్తా ఆదెన్న తన చేతిని చూసుకుంటాండాడు.

"చెప్పినావా మరి?" అన్నాను.

"యాడ చెప్పేది..." అన్నాడు. "ఆయమ్మ కాపీ ఇచ్చింది, తాగినా. ఆయప్ప చెయ్యి వదల్లేదప్పా. ఆఖరి బస్సు పోయేదాకా వదల్లేదు."