ఎడమ వెనక చక్రం

మూడు టన్నుల వ్యాన్‌ని ఒంటిచేత్తో పైకెత్తిన గూఢచారి ఎక్కడైనా ఉన్నాడా? ఉన్నాడు. నవ్వకండి. డిపార్ట్‌మెంట్‌లో అతను ఏజెంట్ నైన్. ఇంట్లో మాత్రం చిన్నోడు.

ఆ ఉదయం చీఫ్ బ్రీఫింగ్ ముక్తసరిగా జరిగింది.

"ఇవాళ మీ అన్న కోర్టులో సాక్ష్యం చెప్తాడు. ఆ విదేశీ ముఠా బాస్ మొహం చూసి బతికినవాడు అతనొక్కడే. అతన్ని చక్రాల కుర్చీ పాలు చేసిందీ వాళ్ళే. అతన్ని కోర్టు గుమ్మం దాటించడం నీ మిషన్."

"వ్యాన్ నడిపేదెవరు సార్?"

"మీ వదిన."

చిన్నోడు కుర్చీలో సర్దుకున్నాడు.

"ఆమె డబుల్ ఏజెంట్. మన మనిషిగా ముఠాలో చేరింది. ఇప్పుడు ఎవరి మనిషో నాకే తెలీదు. తేడా వస్తే వదినా మరిదీ అని చూడకు."

చిన్నోడికి పొద్దున ఇంట్లో చూసిన వదిన గుర్తొచ్చింది. ఎర్ర లిప్‌స్టిక్, మొహంలో సగాన్ని మింగేసే నల్ల కళ్ళద్దాలు. కళ్ళు కనిపించని మనిషిని ఎలా నమ్మడం? తనకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిన వదిన ఇంకా ఆ అద్దాల వెనక ఉందా?

మెకానిక్ వేషంలో అతను కోర్టు మెట్ల దగ్గర కాపు కాశాడు. అన్నని ఎక్కించుకుని వ్యాన్ వచ్చి ఆగింది. చెవిలోని బుల్లి రిసీవర్‌లో వదిన గొంతు వినిపించింది.

"చిన్నోడా, గొడుగు ఎడమ వెనక చక్రం దగ్గర మర్చిపోయా."

వాళ్ళ కోడ్‌లో గొడుగంటే బాంబు.

వెంటనే అదే రిసీవర్‌లో చీఫ్ అరిచాడు. "కదలకు! అది ట్రాప్!"

ఆ వ్యాన్ నిలబడేది గాలి సంచుల మీద. ప్రతి చక్రం దగ్గరా అరచేతిలో పట్టేంత సెన్సర్, దాన్నుంచి ఇరుసుకి ఒక సన్నని కడ్డీ. వ్యాన్ లేచినా దిగినా కడ్డీ వంగుతుంది. ఆ వంపుని చూసి కంప్యూటర్ వాల్వులు తెరిచి గాలి నింపుతుంది, లేదా వదులుతుంది. పక్క తలుపుకి ఇంకో స్విచ్ ఉంది. తలుపు తెరిస్తే చాలు, కుర్చీ సులువుగా దిగడానికి వ్యాన్ ఒంటెలా కిందికి వంగుతుంది.

కోర్టు గార్డు మర్యాదగా తలుపు తెరిచాడు. సంచుల్లో గాలి బుస్సుమంది.

చిన్నోడు ఇంక ఆలోచించలేదు. వ్యాన్ కిందికి దూరాడు. వదిన చెప్పింది నిజమే! సెన్సర్ నుంచి ఎర్ర వైరొకటి, ఒక పొట్లంలోకి. కడ్డీ వంగితే అంతా బూడిద. ఇరుసు వైపు కొస ఊడదీసి, గుప్పిట బిగించి కడ్డీని కదలకుండా పట్టుకున్నాడు.

అక్కడే చిక్కొచ్చింది. కడ్డీ వంగలేదు కాబట్టి వ్యాన్ ఇంకా దిగలేదనుకుంది కంప్యూటర్. మరింత గాలి వదిలింది. బండి అడుగు అతని ఛాతీకి ఆనింది. కడ్డీని వంచితే గాలి తిరిగి నిండుతుంది. కానీ బాంబు ఎదురుచూస్తున్నదీ ఆ వంపు కోసమే.

"వదినా, దిగిపో! నా వల్ల కావట్లేదు!"

"నేను దిగితే పైకి లేపే స్విచ్ ఎవరు నొక్కుతార్రా?"

అమ్ముడుపోయిన మనిషి బాంబు మీద కూర్చుంటుందా? చిన్నోడికి ఊపిరాడని చోట సిగ్గేసింది.

"మరి నొక్కు!"

"నొక్కుతూనే ఉన్నా! తలుపు తెరిచుంటే పనిచెయ్యదు. ఏమండీ, తలుపు!"

అన్న కుర్చీలోంచి ముందుకి వాలాడు. "వదలవయ్యా మహానుభావా!" అంటూ గార్డు చేతిలోంచి తలుపు లాగి ధడాలున మూశాడు. టక్కుమంది స్విచ్. ట్యాంకులో నిల్వ ఉన్న గాలి సంచుల్లోకి ఉరికింది. ఛాతీ మీది బరువు వేలెడు లేచింది, జానెడు లేచింది. చిన్నోడు రెండో చేత్తో కట్టర్ తీసి ఎర్ర వైరు తెంపేశాడు.

ఒంటిచేత్తో ఎత్తాడని మొదట్లో కోశాను కదా. ఎత్తింది గాలి, ఎత్తించింది వదిన వేలు. మనవాడి చెయ్యి కడ్డీని పట్టుకుంది, అంతే.

అన్న కోర్టు లోపలికెళ్ళి ఆ ముఠా బాస్ మొహాన్ని వేలెత్తి చూపించాడు.

బయట వదిన చిన్నోణ్ణి లేవదీసి చొక్కాకున్న గ్రీజు వంక చూసింది. "ఇది నేను ఉతకను."

"ముందు నిన్ను నమ్మలేదు వదినా."

"తెలుసు. పొద్దున మీ బ్రీఫింగ్ నాకూ వినిపించింది. మీ చీఫ్ గదిలో మైక్ పెట్టింది నేనే."

ఆ కోత కాక ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటే, ఆ నల్ల కళ్ళద్దాలు. ఆ పూట ఆమె ఏ అద్దాలూ పెట్టుకోలేదు. మొగుడి కోసం ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్ళు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చూసి కూడా చిన్నోడు అనుమానించాడని రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే తగిలించాను.