గంట మోగినప్పుడల్లా

పొద్దున్నే కాఫీ గ్లాసు అత్తగారి చేతికిచ్చి, పక్కనే నోటుపుస్తకం, పెన్సిలు కూడా పెట్టింది కోడలు.

"ఇవాళ్టితో వారం అయిపోతుంది అత్తయ్యా. ఒక్కరినీ వదలకండి."

"నేనెక్కడ వదులుతాను! ముందు నువ్వు బస్సు వదలకు" అంది అత్తగారు.

వీధి చివర దర్జీ కొట్టు అమ్మకానికి వచ్చింది. పదకొండేళ్లుగా బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి కుట్టి విసిగిపోయిన కోడలికి ఆ మాట చెవిన పడగానే కాలు నిలవలేదు. అలాగని తొందరపడే రకం కాదు. దువ్వెన కొనాలన్నా నాలుగు కొట్లు తిరిగే మనిషి! దర్జీ ఎందుకు అమ్ముతున్నాడు, అద్దె పెంచుతారా, మిషన్లు ఎన్నేళ్లవి అంటూ ఇరుగుపొరుగు అందరి దగ్గరా కూపీ లాగింది. ఇక తెలియాల్సింది రోజుకి ఎంతమంది వస్తారన్నదే. ఆమెకేమో డ్యూటీ, భర్తేమో లారీ మీద వెళ్తే వారం దాకా రాడు. అందుకని కొట్టుకి ఎదురుగా మందుల షాపు ముందున్న బల్ల మీద అత్తగారు కూర్చునేది. మనిషి లోపలికి వెళితే ఒక గీత.

వారానికి పుస్తకం నిండా గీతలే. రోజుకి డెబ్బై, ఎనభై! ఒక గీత మీద ఇంకోటి ఎక్కి కూర్చుంది. జనం ఎగబడుతుంటే పాపం పెద్దావిడ చెయ్యి అందుకోలేకపోయిందనుకుని కోడలు మురిసిపోయింది. ఉద్యోగం మానేస్తానని ఫ్యాక్టరీలో చెప్పేయడానికి కూడా సిద్ధపడింది.

ఫ్యాక్టరీ సెలవు రోజున మాత్రం మనసు ఊరుకోలేదు. తనే వెళ్లి సాయంత్రం దాకా ఆ బల్ల మీద కూర్చుంది. వచ్చింది ముప్పై ఆరుగురు. ఆ బేరంతో కొట్టు గిట్టుబాటు కాదు.

ఇంటికొచ్చి పుస్తకం మంచం మీదికి విసిరింది.

"ఏంటత్తయ్యా ఇది? నన్ను సంతోషపెట్టాలని గీతలు పెంచేశారా? ఉద్యోగం వదిలేసి రోడ్డున పడేదాన్ని!"

"ఒట్టమ్మా, ఒక్కటి కూడా ఎక్కువ గీయలేదు. కొట్టు తలుపుకున్న గంట మోగినప్పుడల్లా గీశాను."

"ఆ గంట లోపలికెళ్లినా మోగుతుంది, బయటికొచ్చినా మోగుతుంది! మనుషులు కనబడుతుంటే గంటతో పనేముంది?"

అత్తగారు మంచం అంచు తడుముకుంటూ కూర్చుంది.

"కనబడలేదమ్మా."

కోడలి కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఏడాది పైనే. అంతా పొగలా ఉంటుంది. ఇంట్లో ఏది ఎక్కడుందో తెలుసు గనక నెట్టుకొచ్చాను. వీధిలో గోడ పట్టుకుని నడిచేదాన్ని."

"నాకు చెప్పొచ్చుగా! నేనేమైనా పరాయిదాన్నా?"

"చెబితే మూల కూర్చోబెడతారు. ఇన్నాళ్లకి నన్ను నమ్మి ఒక పని అప్పజెప్పావు. కొట్టు కొన్నాక బొత్తాలు కుట్టే పని మీదేనన్నావు. ఎంత సంతోషమేసిందో తెలుసా? చూపు లేదని ఏ నోటితో చెప్పను?"

కోడలు అక్కడే కూలబడింది. దర్జీ కొట్టు గోడల్లో చెమ్మ ఉందో లేదో కూడా ఆరా తీసిన మనిషి, ఒకే ఇంట్లో ఉంటూ ఈమెని ఒక్కరోజైనా "ఒంట్లో ఎలా ఉంది" అని నిలబడి అడగలేదు. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసివచ్చింది.

మర్నాడు డ్యూటీ మానేసి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఎడమ కన్ను పూర్తిగా పోయిందన్నాడాయన. కుడి కంట్లో మిగిలిన కాస్త చూపూ పోకుండా రోజూ చుక్కలు వేయాలి, పోయింది మాత్రం తిరిగి రాదు.

"ఏడాది ముందు తీసుకొచ్చుంటే బావుండేదమ్మా" అన్నాడు మెల్లగా.

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది కోడలు.

"కొట్టు చేజారిందనేగా ఏడుస్తున్నావు? అంతా నా వల్లే..."

"కొట్టు పోతే పోనీండి అత్తయ్యా! ఇది కాకపోతే ఇంకోటి. మీ కన్ను ఎక్కణ్నుంచి తెచ్చేది?"

అత్తగారి చెయ్యి గాలిలో వెతుక్కుని కోడలి తల మీద ఆగింది.

"ఊరుకో తల్లీ. లే, ఇంటికి పోదాం." ఏడాదిగా దాచుకున్న మాట, ఎవరూ అడక్కుండానే పైకి అనేసింది.

"నన్ను పట్టుకో. ఈ మెట్లు నాకు కనబడటం లేదు."