రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు

ఆవిడ చేతిలోని థర్మకోల్ పెట్టె ముదురు నీలం గుడ్డతో మూట కట్టి ఉంది. ముడి ఎంత పొందికగా వేశారంటే, ఏదో కానుక తెచ్చారనుకున్నాడు సొనోబె.

"ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా బల్ల మీది కమలాపండు తొక్కలను పక్కకు తోసి పెట్టె దింపారు. మూత తీయగానే డ్రై ఐస్ పొగ లేచింది. అడుగున, మడిచిన తువ్వాలు మీద, గోధుమ రంగు మచ్చల కొండచిలువ బిగుసుకుపోయి ఉంది. బెత్తెడు తక్కువ మూడు మూరల పొడవు. ముక్కు మీద చర్మం చిరిగి ఎర్రగా ఉంది.

"దీని పేరు కినాకో. పద్నాలుగేళ్లు. నా కొడుకు పెంచుకున్నది. నా పేరు ఇసోగాయ్ ఫుమి. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను."

ప్రైవేటు డిటెక్టివ్ మకినోసె కళ్లు మూసుకుంది. వినేటప్పుడు ఆమెకు అదే అలవాటు. యాభై ఎనిమిదేళ్ల ఈ పొట్టి మనిషి దగ్గర పనికి చేరి మూడేళ్లయినా, ఆ కళ్లు మళ్లీ తెరుచుకునే క్షణం కోసం సొనోబె ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తాడు.

"పోలీసుల దగ్గరికి వెళ్లారా, టీచర్ గారూ?"

"వెళ్లాను. పాము కదా అన్నారు. మర్యాదగానే, నవ్వు ఆపుకుంటూ."

"మరి నేనేం చేయాలి?"

"ఎవరు చేశారో ఆ పేరు చెప్పండి చాలు. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

"చట్టం దృష్టిలో ఇది వస్తువును పాడు చేయడమే."

"చట్టం గురించి నేనడగలేదు."

ఆ గొంతులో కోపం లేదు. తప్పు చేసిన పిల్లవాడు లేచి నిలబడేదాకా తరగతిని కదలనివ్వని టీచరు గొంతు అది.

జరిగింది ఆవిడ వరసగా చెప్పారు. కాగితపు మిల్లులో పనిచేసే కొడుకు సోయిచి, మెదడులో నరం చిట్లి ముప్పై ఒకటో ఏట పోయాడు. గత ఆదివారం సంవత్సరీకం. ఉదయం ఎనిమిదికల్లా ముగ్గురు ఇంటికి వచ్చారు: పాముల దుకాణం నెజు, పక్కింటి ఒగుషి, సోయిచి పెళ్లాడవలసిన మినోవా కజుయె. కోట్లు పెట్టడానికో, దిండ్లు తేవడానికో ముగ్గురూ ఒక్కొక్కరుగా మేడ మీదికి వెళ్లారు. తొమ్మిదిన్నరకు ఇంటికి తాళం వేసి అంతా గుడికి బయలుదేరారు. అక్కడ ఎవరూ ఎవరినీ వదిలి వెళ్లలేదు. పావు తక్కువ రెండుకు భోజనానికి తిరిగి వచ్చారు. రెండూ అయిదుకు ఆవిడ మేడ ఎక్కేసరికి పాము ఉండే పెట్టె పొయ్యిలా ఉంది. పాము చల్లని మూలకు చేరి, అద్దం తలుపును ముక్కుతో తోసి తోసి చచ్చిపోయింది.

"వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ సెన్సరు పెట్టె బయట వేలాడుతోంది. చలి గదిలో ఉంటే అది ఇంకా చలిగానే ఉందనుకుని హీటరును ఆపదు కదా. నెజు గారు చూసి, శనివారం శుభ్రం చేసేటప్పుడు మీరే దాన్ని బయటికి తీసి మరిచిపోయి ఉంటారన్నారు. ముగ్గురూ నా వైపు జాలిగా చూశారు." ఆవిడ చేతి తొడుగు వేళ్లను ఒక్కొక్కటే సరిచేసుకున్నారు. "నేను మరిచిపోలేదు."

"అంత గట్టిగా ఎలా చెప్పగలరు?"

ఆవిడ ఒక నోటుబుక్కు తీశారు. సోయిచి పోయాక, పాము దాక్కునే గూటి వెనక అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి అమర్చారట. రెండు నిమిషాలకోసారి వేడి ఎంతుందో రాసి పెట్టుకుంటుంది. దాని సంగతి ఇంకెవరికీ తెలియదు. ఆదివారం అంకెలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాశారు. ఎనిమిది గంటల నుంచి వేడి కొద్దికొద్దిగా తగ్గింది. పదకొండుకు ఒక్కసారిగా పెరగడం మొదలైంది. యాభై ఎనిమిది డిగ్రీల దాకా వెళ్లింది. ఒకటీ ఇరవై నాలుగుకు తగ్గింది. ఒకటీ యాభైకి మళ్లీ పెరిగింది.

మకినోసె కళ్లు తెరిచింది.

"పెట్టె ఇక్కడే ఉంచి వెళ్లండి, టీచర్ గారూ. మా ఫ్రీజరులో ఐస్‌క్రీమ్ తప్ప ఏమీ లేదు."

*

నెజు దుకాణంలో అడుగుపెట్టగానే అక్కడి వెచ్చదనానికి సొనోబె కళ్లద్దాలు మసకబారాయి. ఆయన ఒక పిల్ల పామును మెడకు వేసుకుని, కప్పు నూడిల్స్ తింటున్నాడు.

"ఆ పామును నాకు అమ్మమని మూడుసార్లు అడిగాను. నిజమే. నేనెందుకు దాచాలి? కానీ కాల్చి చంపిన పామును ఎవడు కొంటాడమ్మా, కబాబ్ కొట్టువాడా?"

"సోయిచి పెట్టె ఎలా అమర్చాడో చెప్పండి."

ఆయన ముఖం మెత్తబడింది. "అంత శ్రద్ధ ఉన్నవాణ్ణి నేను చూడలేదు. ఎర్ర బల్బు ఇస్తానంటే వద్దన్నాడు. రాత్రి తిరిగే జీవికి కంట్లో వెలుతురెందుకన్నాడు. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరు తీసుకుని, పాము చుట్టుకోకుండా దాని చుట్టూ జాలీ కట్టాడు. పెట్టె నేల కింద వేడినిచ్చే మాట్ మూడో వంతుకే వేశాడు. మొత్తం వేస్తే పాము ఎక్కడికి పోతుంది? ఒక పక్క వెచ్చన, ఒక పక్క చల్లన ఉండాలి. ఏది కావాలో అదే వెతుక్కుంటుంది. దానికి పొట్ట కింద కాలుతున్నా వెంటనే తెలియదమ్మా. అందుకే మనం జాగ్రత్తగా ఉండాలి."

గోడకు వేలాడుతున్న గుండ్రటి టైమర్లను మకినోసె చూపించింది. గోడ ప్లగ్గులో పెట్టుకునే రకం. ముఖం చుట్టూ చిన్న చిన్న పళ్లున్నాయి.

"ఎన్ని నిమిషాలకు పెట్టుకోవచ్చు?"

"ఒక్కో పన్ను పావుగంట. అంతకన్నా చిన్న లెక్క కుదరదు. ఏ కంపెనీదైనా అంతే."

బయటికి వచ్చాక సొనోబె ఆగలేకపోయాడు. "మేడమ్, అంతా గుడిలో ఉన్నారంటే టైమరే పని చేసి ఉండాలి. కానీ పదకొండు నుంచి ఒకటీ ఇరవై నాలుగు అంటే నూట నలభై నాలుగు నిమిషాలు. పావుగంటల లెక్కలో రాదే!"

"రాదు. లెక్కల్లో నీకు ఎన్ని మార్కులొచ్చేవోయ్?"

"అరవై."

"ఇవాళ ఎనభై ఇస్తాను."

ఒగుషి వాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి, ఆపకుండా మాట్లాడింది. డెబ్బై ఏళ్ల మనిషి. గోడ అవతల పాముందంటే పన్నెండేళ్లుగా కిటికీ తెరవలేదట. "చచ్చిందంటే సంతోషమే. దొంగతనంగా కాదు, టీచర్ గారి ముందే అన్నాను. కానీ ఆ వైర్లు, ఆ ప్లగ్గులు నాకేం తెలుసు తల్లీ? నది అవతలి నుంచి కాపురానికి వచ్చినప్పుడు మా అమ్మ కరెంటు గడియారం ఇచ్చి పంపింది. అది ఇక్కడ రోజూ వెనకబడేది. వంట ఆలస్యమైందని మా అత్తగారు నన్ను తిట్టని రోజు లేదు. గడియారాన్ని మాత్రం ఒక్క మాట అనలేదు!"

సొనోబె నవ్వాడు. మకినోసె నవ్వలేదు. రైలు కోసం చూసే మనిషిలా నది వైపు చూసింది.

మినోవా కజుయె నదికి పడమటి ఒడ్డున, రెండు గదుల ఇంట్లో ఉంటోంది. వాళ్లకు టీ ఇచ్చి, తను నిలబడే మాట్లాడింది. కిటికీ పక్కన చేపల తొట్టి ఉంది. దాని దీపానికి, నెజు దుకాణంలో చూసినటువంటి గుండ్రటి టైమరు ఉంది. ఈ రోజుల్లో ఇలాంటిది ఎవరింట్లో లేదు గనక, అనుకున్నాడు సొనోబె.

"సంవత్సరీకానికి కార్డు వచ్చింది, వెళ్లాను. ఆఖరి వరసలో, నెజు గారి వెనక కూర్చోబెట్టారు. మంచిదే. అక్కడి నుంచి ఆవిడ వీపు బాగా కనిపించింది."

"మీకు ఆవిడంటే కోపమా?"

"నాలుగేళ్లు మేం కలిసి తిరిగాం. మే నెలలో పెళ్లి. దహనం అయ్యాక ఎముకలు ఏరడానికి అందరూ లోపలికి వెళ్తున్నారు. ఇద్దరు చెరో జత పుల్లలతో ఒకే ఎముకను పట్టి ఎత్తుతారు కదా. నేనూ చేతులు కడుక్కున్నాను. గుమ్మం దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, 'ఇంటివాళ్లు మాత్రమే' అన్నారు." ఆమె టీ కప్పును సాసరు మధ్యకు జరిపింది. "అత్తయ్య గారూ అన్నాను. 'నేను నీకు అత్తయ్యను కాను' అన్నారు. నేను బయట వాన చూస్తూ నిలబడ్డాను."

తిరుగు దారిలో వంతెన మధ్య మకినోసె కారు ఆపించింది. కింద నది సన్నగా పారుతోంది.

"ఇక్కడితో మారిపోతుంది, సొనోబె."

"ఏది మేడమ్?"

"శనివారం అందరినీ టీచరు గారింటికి పిలువు."

*

మేడ మీద గదిలో అందరూ చుట్టూ కూర్చున్నారు. పాము పెట్టె ఖాళీగా ఉంది. దాని పక్క చాప మీద చెయ్యి ఆనించిన సొనోబె ఉలిక్కిపడ్డాడు. వెచ్చగా ఉంది. ఖాళీ పెట్టె కింద వేడి మాట్ ఇంకా పనిచేస్తూనే ఉంది.

మకినోసె నోటుబుక్కు తెరిచింది.

"టీచరు గారు సెన్సరును బయట మరిచిపోయారన్నారు. శనివారం మరిచిపోతే శనివారమే వేడెక్కాలి. ఆదివారం పదకొండుకు ఎందుకు మొదలైంది? పైగా సెన్సరు చలిలో వేలాడుతుంటే హీటరు ఆగనే ఆగదు. ఇది ఒకటీ ఇరవై నాలుగుకు ఆగింది. ఒకటీ యాభైకి మళ్లీ మొదలైంది. అప్పటికి మనుషులు ఇంట్లో ఉన్నారు. అంటే, ఉదయం ఎనిమిదికి ఎవరో హీటరు ప్లగ్గును థర్మోస్టాట్ నుంచి తీసి, తమ టైమరులో పెట్టారు. దానికి ఇక పగ్గం లేదు. గుడి నుంచి రాగానే టైమరు తీసేసి, ప్లగ్గు యథాస్థానంలో పెట్టి, సెన్సరును బయటికి లాగారు. చూసినవాళ్లకు టీచరు గారి మరపులా కనిపించాలని."

"నా దుకాణంలో టైమర్లున్నాయని..." నెజు లేవబోయాడు.

"కూర్చోండి. మీ టైమర్లు మిమ్మల్ని కాపాడాయి. హీటరు పనిచేసింది రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. పావుగంటల టైమరు ఆ లెక్క చెప్పదు, నెమ్మదిగా నడిస్తే తప్ప. ఒగుషి గారూ, మీ అమ్మగారి గడియారం ఎందుకు వెనకబడేది?"

"నది ఆ ఒడ్డు కరెంటు వేరు కదమ్మా! ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా..." ఒగుషి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"కరెంటు సెకనుకు ఆ ఒడ్డున అరవై సార్లు ఊగుతుంది, ఈ ఒడ్డున యాభై సార్లే. టైమరులోని మోటారు కరెంటుతో అడుగు కలిపి నడుస్తుంది. వెనకాల చిన్న మీట ఉంటుంది, నది దాటినప్పుడు మార్చుకోవాలి. మార్చకపోతే అరవైకి అలవాటైన టైమరు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. రెండు గంటలకు పెడితే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. ఎనిమిదికి అమర్చి, పదిన్నరకు హీటరును ఆన్ చేయమంటే పదకొండుకు చేస్తుంది. అంకెలు మూడు చోట్లా సరిపోయాయి. ఆ మీట మార్చకుండా ఈ గదిలోకి తెచ్చింది ఆ ఒడ్డున కాపురముండే మనిషి. ఇక్కడ అలాంటివాళ్లు ఒక్కరే ఉన్నారు."

ఎవరూ తల తిప్పలేదు. మినోవాయే మాట్లాడింది.

"నన్ను అడుగుతారని వారం రోజులుగా చూస్తున్నాను. చేపల తొట్టి టైమరే. పామును చంపడం నాకు ఇష్టం కాదు. దాన్ని నేనూ ఒళ్లో పెట్టుకున్నాను. కానీ ఈ లోకంలో ఆయన చేతులు తాకిన ప్రాణం అదొక్కటే మిగిలింది. అది కూడా తన చేతుల వల్లే పోయిందని ఆవిడ బతికినన్నాళ్లు అనుకోవాలి. రోజూ ఉదయం లేవగానే అనుకోవాలి. నాకు కావలసింది అదే."

"అయ్యో పిల్లా!" అంది ఒగుషి.

ఇసోగాయ్ లేచారు. సొనోబె కూడా లేవబోతే మకినోసె అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఆవిడ పెట్టె దగ్గరికి వెళ్లి, వంగి, మాట్ ప్లగ్గు తీశారు. వైరును చేతికి చుట్టి, చివర ముడి వేసి, పెట్టె మీద పెట్టారు.

"నెజు గారూ, దానికి పక్కటెముకలు ఎన్నుంటాయి?"

"రెండు వందల జతలకు పైనే అండి. సన్నగా, ముళ్లలా ఉంటాయి."

"రేపు జంతువుల దహనశాలలో వేళ తీసుకున్నాను." ఆవిడ మినోవా ఎదుట నిలబడ్డారు. "నువ్వు వస్తున్నావు. నాకు ఎదురుగా కూర్చుని పుల్లలు పట్టుకుంటావు. ఒక్కొక్క ఎముకా ఇద్దరం కలిసి ఎత్తుతాం. విరగకూడదు. సాయంత్రమైనా సరే, ఆఖరి ముల్లు కుండలో పడేదాకా నువ్వు లేవడానికి వీల్లేదు. కళ్లు తిప్పుకోవడానికీ వీల్లేదు."

మొదటిసారిగా మినోవా ముఖంలో రంగు మారింది.

"ఇంటివాళ్లు మాత్రమే కదా, అత్తయ్య గారూ?"

ఆ పిలుపును ఇసోగాయ్ ఈసారి దిద్దలేదు.

"పది గంటలకు," అన్నారు. "ఈ ఒడ్డు గడియారం ప్రకారం."