సైటేషన్ల మధ్య నాగేశ్వరి

"జర జరుగు!"

భూతద్దం కింద చీమతలంత అక్షరాలు వెతుక్కుంటున్న భ్రమరాంబ ఉలిక్కిపడి తలెత్తింది. ఎదురుగా ఒక పొడుగాటి యువకుడు. జుట్టులోంచి వాన నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. చేతిలో గొడుగుంది. కానీ అది మడిచి ఉంది! గొడుగుండీ మనిషి ఇంతలా ఎలా తడుస్తాడో ఆమెకు బోధపడలేదు.

"ఏమిటన్నారు?"

"జర జరుగన్న. నాకు కావాల్సిన జర్నల్ నీ ఎన్క ర్యాకుల ఉన్నది."

"నన్నేనా, 'నువ్వు' అంటున్నారు?"

అతను లైబ్రరీ అంతా కలయజూశాడు. "ఈడ ఇంకెవ్వరు లేరు గద?"

"'జరగండి' అనొచ్చు. 'కొంచెం జరుగుతారా అండీ' అంటే ఇంకా బావుంటుంది. మా కాకినాడలో రిక్షా అతన్ని కూడా 'ఏవండీ' అనే పిలుస్తాం, తెలుసా?"

"అట్లనా? గొడుగుకు గూడ అండి పెట్టాల్నా?" అని అతను వంగి చూసేసరికి, జుట్టు చివర వేలాడుతున్న పెద్ద చుక్క సరిగ్గా భ్రమరాంబ తెరిచి పెట్టుకున్న పుస్తకంలో టప్పున పడింది.

"అయ్యో అయ్యో! విమానంలో వచ్చిన పుస్తకమండీ ఇది! ఆ గొడుగు వేసుకోవడానికి ఏమొచ్చింది మీకు?"

"ఎట్ల వేసుకుంట? దీన్ల జొన్న మొక్కలున్నయి." అతను గొడుగు మడతలోంచి లేత మొక్కల కట్టను ఎంతో అపురూపంగా బయటికి తీశాడు. "ఆకుల కింద మొవ్వు ఈగ గుడ్లు పెట్టింది. తడిస్తే కొట్టుకపోతయి."

ఈగ గుడ్లు తడవకూడదని తాను తడుస్తూ వచ్చిన మనిషిని ఏమని తిట్టాలో తెలియక భ్రమరాంబ పక్కకు జరిగింది. ఆ తర్వాత చాలాసేపు ఆమెకు అక్షరాలు కనపడలేదు. తప్పు భూతద్దానిది కాదు.

లింగంపల్లి స్టేషన్‌కు అవతల, బండరాళ్ళకూ జొన్నచేలకూ నడుమ ఉన్న ఆ పంటల పరిశోధన కేంద్రంలో భ్రమరాంబ కొత్తగా చేరిన డాక్యుమెంటేషన్ అసిస్టెంటు. డైరెక్టరు నరసింహమూర్తిగారు ఢిల్లీలో ఏదో సభకు వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక పిచ్చి మోసుకొచ్చారు. ఒక శాస్త్రవేత్త తన వ్యాసం చివర 'ఫలానా వారి పనిని నేను వాడుకున్నాను' అని ఇంకొకరి పేరు రాస్తే అది సైటేషన్. ఎవరి పేరు ఎక్కువమంది రాస్తే వారి పరిశోధన అంత విలువైనదట. అలాంటి పేర్లన్నీ అచ్చేసిన లావాటి సంపుటాలు తెప్పించి, మన వాళ్ళను లోకంలో ఎవరెవరు తలుచుకుంటున్నారో తేల్చమని ఆయన భ్రమరాంబకు పురమాయించారు.

"ఇంకో మాటమ్మా," అన్నారాయన. "నువ్వు నన్ను పొగుడు, నేను నిన్ను పొగుడుతాననే జంటలుంటాయి. అలాంటి జంట కనిపిస్తే ఎర్ర పెన్సిలుతో గీత గియ్యి."

జంట! ఆ మాట అంత పని చేస్తుందని పాపం ఆయనకేం తెలుసు?

మర్నాడు ఆ గొడుగు మనిషి పొడిగా వచ్చాడు. పేరు డాక్టర్ వీరేశం. కీటకశాస్త్రవేత్త. సొంత ఊరు బాచుపల్లి, చదువు ధార్వాడలో. గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"భ్రమరాంబగారూ, లోపటికి రావచ్చునాండి?"

"రండి."

"కుర్చీగారి మీద కూసోవచ్చునాండి?"

ఆమె పెదవి కొరుక్కుంది. "కూర్చోండి."

"నిన్న వానగారు జోరుగ వచ్చిన్రు గదండి, పుస్తకంగారు ఖరాబైనరా?"

నవ్వు ఆపుకోలేక భ్రమరాంబ బల్ల మీద తల పెట్టేసింది. ఆ రోజునుంచి అతనికి అదే పని. అటెండరు పెంటయ్యగారు, టీగారు, ఈగగారు. "మా ఈగగారు పొద్దున గుడ్లు పెట్టిన్రండి" అంటూ ఓ సాయంత్రం చందానగర్ సంతలో కొన్న జామకాయలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఎర్రటి గుజ్జు జామకాయలు! ఇంటికి తీసుకెళ్తే వదిన కనకలక్ష్మి ఒకటి కొరికి, "ఎవరిచ్చారే?" అంది.

"ఆఫీసులో."

"ఆఫీసంటే గోడలూ కిటికీలూనమ్మా. అవి జామకాయలు ఇవ్వవు."

భ్రమరాంబ వంటింట్లోకి పారిపోయింది. ఎందుకు పారిపోయిందో తనకే తెలియదు.

ఇలా ఉండగా లెక్కలు వీరేశం పేరు దాకా వచ్చాయి. ఆమె గుండె ఎందుకో దడదడలాడింది, పదో తరగతి ఫలితాలు చూసుకుంటున్నట్టు. వీరేశం వ్యాసాలను తలుచుకున్నవాళ్ళు ఎవరా అని భూతద్దం జరిపింది. నాగేశ్వరి. ఇంకొంచెం జరిపింది. మళ్ళీ నాగేశ్వరి. ఏ సంవత్సరం సంపుటం తీసినా ఆవిడే. పోనీ వీరేశం ఎవరిని తలుచుకున్నాడని చూస్తే, అక్కడా నాగేశ్వరే!

అందరి పేర్ల చివరా ఇంటిపేరు పొడి అక్షరం ఉంది. ఈవిడకు అదీ లేదు. ఒట్టి నాగేశ్వరి. ఇంటిపేరు అక్కర్లేనంత గొప్పది కాబోలు.

భ్రమరాంబ ఎర్ర పెన్సిలు తీసింది. గీత గియ్యబోయి ఆగింది. మళ్ళీ గియ్యబోయింది. చివరికి పెన్సిలు ముక్కు పుటుక్కున విరిగింది.

ఆ సాయంత్రం బస్సు షెడ్డు కింద ఇద్దరే ఉన్నారు. వాన సన్నగా, ఆగి ఆగి, చెప్పాలా వద్దా అని నసుగుతున్నట్టు కురుస్తోంది. ఉండబట్టలేక ఆమే అడిగింది.

"నాగేశ్వరిగారు మీకు బాగా తెలుసా అండీ?"

వీరేశం మొహం వెలిగిపోయింది. "అరే, మీకెట్ల తెలుసు?"

"పుస్తకంలో చూశాను. అన్నిచోట్లా మీరిద్దరే."

"ఉంటంగద! ధార్వాడల కలిసే చదువుకున్నం. ఒక్కటే రూం కిరాయికి తీసుకొని ఉన్నం."

భ్రమరాంబ చేతిలో టిఫిన్ డబ్బా గలగలమంది. "ఒక... ఒకే గదిలోనా?"

"అవునండి. అసొంటి మనిషి దొరకరండి. నాకు జ్వరమొస్తే రాత్రంత తలకాడ కూసున్నరు. రొట్టెలు గూడ మస్తు చేస్తరు."

ఇంత మాట ఇంత తేలిగ్గా ఎలా చెప్తున్నాడు? ఈ హైదరాబాదు వాళ్ళ పద్ధతే ఇంతా? ఆమె డబ్బాను ఇంకో చేతిలోకి మార్చుకుంది. "మరి... పెళ్ళి?"

"ఇంక కాలేదండి. ఇద్దరం ఒక్కటే రోజు చేసుకోవాలని ఎప్పుడో మాటనుకున్నం."

"ఒకటే రోజు కాక వేరే వేరే రోజుల్లో ఎలా చేసుకుంటారు లెండి!" అందామె చురుగ్గా.

వీరేశం తల గోక్కున్నాడు. "అంటే?"

"ఏం లేదు. బస్సొచ్చింది."

"ఆగుండ్రి, రేపు ఈడికే వస్తున్నరు. మీకు చూపిస్త. మీ గురించి చెప్తే, కండ్లార చూడాలన్నరు."

నా గురించి ఆవిడకెందుకు చెప్పాడు? ఏమని చెప్పాడు? చూడటానికి నేనేమన్నా ఎగ్జిబిషన్‌నా? బస్సు కిటికీలోంచి చూస్తే అతను షెడ్డు బయటికొచ్చి తడుస్తూ చెయ్యి ఊపుతున్నాడు. కోపం రావాలి. వచ్చింది కూడా. దాని వెనకే ఏడుపు ఎందుకొచ్చిందో మాత్రం అర్థం కాలేదు.

ఇంట్లో అన్నయ్య సోమేశ్వరరావు ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు. రాజమండ్రి నుంచి సంబంధం వచ్చింది. బ్యాంకు ఉద్యోగం, మంచి కుటుంబం. రమ్మంటే ఆదివారం పెళ్ళిచూపులకు వస్తామంటున్నారు.

"అమ్మలూ, బలవంతం లేదు," అన్నాడు అన్నయ్య. "నీ మనసులో ఇంకెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పు. వాళ్ళు వచ్చి చూసి వెళ్ళాక కాదంటే బావుండదు. లేదంటే రేపు మధ్యాహ్నం షిఫ్టుకెళ్తూ చందానగర్ పోస్టాఫీసులో టెలిగ్రాం ఇచ్చేస్తాను."

వదిన జామకాయల బుట్ట వంక చూసింది. భ్రమరాంబ నేల వంక చూసింది.

"ఎవరూ లేరన్నయ్యా. రమ్మను."

మర్నాడు ఆమె నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుంది. రెండు మూరల మల్లెపూలు పెట్టుకుంది. ఎందుకు? నాగేశ్వరి ముందు తీసికట్టుగా కనపడకూడదని. అలా కనపడితే మాత్రం ఏం?

పదకొండింటికి బయట జీపు ఆగింది. వీరేశం గొంతు, బూట్ల చప్పుడు. భ్రమరాంబ లేచి, చిరునవ్వు ఒకటి తెచ్చి మొహానికి పెట్టుకుంది.

తలుపు తెరుచుకుని లోపలికొచ్చింది ఒక భారీ విగ్రహం. గుబురు మీసాలు. నోట్లో కిళ్ళీ. చొక్కా గుండీల మధ్య పొట్ట తొంగిచూస్తోంది.

"నమస్తే చెల్లె! ఆఖరికి చూసిన నిన్ను!"

భ్రమరాంబ అతని భుజం మీదుగా వెనక్కి చూసింది. వీరేశం తప్ప ఎవరూ లేరు.

"నమస్కారమండీ. నాగేశ్వరిగారు జీపులో ఉండిపోయారా?"

"నేనేగద నాగేశ్వర్‌ను!"

"మీరు కాదండీ. నాగేశ్వరిగారు."

"ఆఁ, నాగేశ్వర్‌గారు. నేనే!"

"అయ్యో, అది కాదండీ! నాగేశ్వ... రి! చివర గుడి ఉంటుందే, ఆవిడ!"

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. భ్రమరాంబ చరచరా వెళ్ళి సంపుటం తెచ్చి, పేజీ తీసి, భూతద్దం పెట్టి చూపించింది. నాగేశ్వర్ ఒంటి కన్నుతో చూశాడు. చూస్తుండగానే పొట్ట కదలడం మొదలైంది. తర్వాత భుజాలు. తర్వాత బల్ల కూడా.

"చెల్లె, నా ఇంటిపేరు ఇనుగుర్తి. ఇంగ్లీషుల రాస్తే మొదటి అక్షరం 'ఐ'. వీళ్ళు దాన్ని తీసుకపోయి నా పేరు చివర పెట్టిన్రు. నడుమ చుక్క లేదు, సందు లేదు. ఐ వచ్చి అంటుకుంటే నాగేశ్వర్ కాస్త నాగేశ్వరి అయ్యిండు! అరే వీరేశం, నన్ను ఆడపిల్లను చేసిన్రు గదరా!"

"మరి నిన్న ఈయన కూడా 'వస్తరు, చేస్తరు, కూసున్నరు' అన్నారే!" అంది భ్రమరాంబ ఏడుపు గొంతుతో. "'వాడు' అని ఒక్కసారి అన్నా తెలిసేది కదా!"

వీరేశం బిక్కమొహం వేశాడు. "మీరే గదండి మర్యాద నేర్పిన్రు? వీణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి 'గారు' అనలేదు. మీ ముంగట వాడు వీడు అంటే మళ్ళ తిడతరని..." చప్పున ఆగాడు. "జర ఆగుండ్రి. అంటే నిన్న బస్సు షెడ్డుల మీరు... ఒక్కటే రూం... రొట్టెలు... అయ్యో దేవుడా!"

"అవును," అంది భ్రమరాంబ.

"అయితే మీకు కోపమెందుకొచ్చిందండి? నేను ఎవరితోని ఉంటే మీకేంది?"

"అది నాకూ తెలీలేదు."

"ఇప్పుడు?"

భ్రమరాంబ పైట కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "ఇప్పుడు తెలిసింది."

"ఇగ నేను గూడ చెప్పేస్త," అన్నాడు వీరేశం ఒక్క గుక్కలో. "ఆ మొదటి దినం తప్ప నాకు లైబ్రరీల పనే లేదండి. కావాల్సిన జర్నలన్నీ నా రూంలనే ఉన్నయి. దినాం మీ కోసమే వస్తున్న. మీరంటే నాకు మస్తు..."

"అన్నయ్య!" అని కేక పెట్టింది భ్రమరాంబ.

"నేనా?" అన్నాడు నాగేశ్వర్.

"మీరు కాదండీ, మా అన్నయ్య! టెలిగ్రాం! ఆదివారం నా పెళ్ళిచూపులు! రమ్మనమని నేనే చెప్పాను!"

వీరేశం మొహంలో రంగు దిగిపోయింది. "ఎందుకు చెప్పిన్రండి?"

"మీరు ఇంకొకరివారనుకున్నాను మరి!"

"పరేషాన్ తర్వాత గావచ్చు, ముందు జీపెక్కుండ్రి!" అన్నాడు నాగేశ్వర్, అప్పటికే తలుపు దాటుతూ.

జీపు గతుకుల్లో ఎగురుతూ పరుగెత్తింది. వాన ఏటవాలుగా లోపలికి కొడుతోంది. పట్టుచీర ముద్దయింది, మల్లెపూలు జారిపోయాయి. మధ్యలో గేదెల మంద అడ్డం వస్తే వీరేశం దూకి, "జరగండి, జర జరగండమ్మా!" అని వాటిని బతిమాలాడు. అంత కంగారులోనూ భ్రమరాంబకు నవ్వొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కలిపి చేసింది.

చందానగర్ పోస్టాఫీసులో సోమేశ్వరరావు కిటికీ దగ్గర నిలబడి టెలిగ్రాం కాగితం లోపలికి ఇస్తున్నాడు. గుమాస్తా చెయ్యి చాచాడు.

"అన్నయ్యా, ఇవ్వకు!"

ఆయన వెనక్కి తిరిగాడు. తడిసి ముద్దయిన చెల్లెలు. ఆమె వెనక రొప్పుతున్న ఇద్దరు మగవాళ్ళు. కాగితం వెనక్కి లాక్కుని, ముగ్గురినీ ఎగాదిగా చూశాడు.

"నిన్న ఎవరూ లేరన్నావు," అన్నాడు మెల్లిగా. "ఇవాళ ఇద్దరున్నారేమ్మా?"

"ఒక్కరే అన్నయ్యా!"

ఆయన చూపు గుబురు మీసాల మీదికి పోయింది. నాగేశ్వర్ రెండు చేతులూ ఎత్తి, "నేను కాదు, నేను కాదు!" అన్నాడు.

వీరేశం ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు. "నేనండి. వీరేశం. మాది బాచుపల్లి. నాన్న సేద్యం చేస్తరు. నేను ఈగల మీద పరిశోధన చేస్తనండి."

"ఈగలా?"

"అవునండి. జొన్నగారి మీద వాలే ఈగలు."

సోమేశ్వరరావు చెల్లెలి వంక చూశాడు. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, కళ్ళు మాత్రం దీపాల్లా ఉన్నాయి. తండ్రి పోయిన తర్వాత ఆ కళ్ళను అలా చూడటం ఆయనకు ఇదే మొదటిసారి.

"అమ్మకు నేనేం చెప్పుకోను?" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "ఎక్కడి కాకినాడ, ఎక్కడి బాచుపల్లి. మాట వేరు, తిండి వేరు. ఆ మధ్య ఆంధ్రా, తెలంగాణా గొడవల్లో ఇక్కణ్ణుంచి వచ్చెయ్యమని ఎంత ఏడ్చిందో."

వాన రేకుల మీద టపటపలాడింది. వీరేశం కల్పించుకున్నాడు.

"అమ్మగారికి నేను వచ్చి చెప్తనండి. నా మాట అర్థం కాకుంటే, అయ్యేదాక చెప్తా. కాకినాడలనే ఉండి చెప్తా."

సోమేశ్వరరావు చేతిలోని కాగితాన్ని నిలువుగా చించి, కొత్త కాగితం అడిగాడు. రాజమండ్రి వాళ్ళకు రావద్దని, క్షమించమని రాసి ఇచ్చాడు. కలం జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

"ఆదివారం సాయంత్రం మా ఇంటికి రావయ్యా. మీ వాళ్ళను కూడా తీసుకురా. మా చెల్లిని నువ్వు ఎలాగూ చూసేశావు. నిన్ను మేం చూసుకోవాలి కదా."

"వస్తనండి! తప్పకుండ వస్తనండి!" వీరేశం రెండడుగులు వేసి, ఏదో అనుమానం వచ్చి ఆగాడు. "పెళ్ళిచూపులంటే... పాట గిట్ల పాడాల్నాండి?"

"పాట వచ్చా?"

"రాదండి."

"మా అమ్మాయికీ రాదు," అన్నాడు సోమేశ్వరరావు. "ఇద్దరూ పాడకుండా హాయిగా ఉండండి."