గురువారం డోలు

మా ఫ్యాక్టరీలో వారానికి ఆరు రోజులూ పాటలు మోగేవి. నాచారంలో అప్పుడప్పుడే షెడ్లు లేస్తున్న రోజులవి, డెబ్భై రెండో సంవత్సరం. బిస్కెట్ డబ్బాలకు రేకు మూతలు కొట్టే కంపెనీ మాది. పాటలు పెడితే పనివాళ్లు హుషారుగా చేస్తారని మా మేనేజరు అచ్యుతరావుగారు ఎక్కడో చదివారట. ఆయన చదివిన పాపానికి టైమాఫీసు గుమాస్తానైన నా నెత్తిన రికార్డు ప్లేయరు పడింది. నా పేరు చలపతిరావు. తెనాలి నుంచి వచ్చి ఉప్పల్లో కాపురం పెట్టినవాణ్ణి.

షెడ్డులో ఓ మూల ఇనప మెట్లెక్కితే చిన్న గది. అందులో ప్లేయరు, ఆంప్లిఫయరు, ఓ బీరువా నిండా రికార్డులు. కింద షెడ్డులో నాలుగు మూలలా నాలుగు హారన్ స్పీకర్లు. శనివారం మధ్యాహ్నం ఎవరికి ఏ పాట కావాలో టోకెన్ నంబరుతో సహా చీటీ రాసి డబ్బాలో వెయ్యాలి. రాయడం రానివాళ్లు బొమ్మ గీస్తారు. ఆ చీటీలు ముందేసుకుని నేను వచ్చే వారానికి జాబితా కట్టేవాణ్ణి. సోమవారం మెత్తటి పాటలు, ఎందుకంటే సగం మందికి ఆదివారం తాగిన కల్లు ఇంకా దిగదు. మంగళ, బుధవారాలు సినిమా పాటలు. గురువారానికి అందరికీ ఒళ్లు బరువెక్కుతుంది, కాబట్టి దరువు గట్టిగా ఉన్నవి. వరసగా మూడు వారాలు ఎవరైనా ఒకే పాట అడిగితే నాలుగో వారం వేసి తీరాలి. ఆ రూలు పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

గురువారాల్లో అందరికీ ఇష్టమైనది ఒక నాదస్వరం రికార్డు. అందులో డోలు మోత ప్రెస్సువాళ్ల కోసమే వాయించినట్టుండేది. పవర్ ప్రెస్సు మీద పనంటే కుడిచేత్తో రేకు లోపల పెట్టాలి, చెయ్యి తియ్యాలి, కాలితో పెడలు తొక్కాలి. పైనుంచి అచ్చు ధబ్బున దిగుతుంది. పెట్టు, తియ్యి, తొక్కు. రోజుకి మూడు వేలసార్లు. డోలు మోగుతుంటే ఆ మూడు పనులూ వాటంతట అవే జరిగిపోయేవి. చెయ్యీ కాలూ డోలు మాట వినేవి, మనిషి మాట కాదు.

ఆ రికార్డు మీద ఒక గీత పడింది. ముల్లు అక్కడికి రాగానే చిక్కుకుని ఒకే ముక్కని మళ్లీ మళ్లీ వాయించేది. అలా తిరిగిన ప్రతిసారీ దరువులో ఒక దెబ్బ తగ్గేది; ఆ దెబ్బ తగ్గితే చెయ్యి తియ్యకముందే కాలు తొక్కేస్తుంది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. గీత దగ్గర పడగానే వేలితో ముల్లుని కాస్త ముందుకు తోసేవాణ్ణి. కొత్త రికార్డు తెప్పించమని అడగడానికి బద్ధకం.

జూన్ నెల చివరి గురువారం ఆ పాట పెట్టి నేను టీకి వెళ్లాను. అయిదు నిమిషాలు. తిరిగొచ్చేసరికి పాట గీతలో ఇరుక్కుని తిరుగుతోంది, కింద ఎవరో అరుస్తున్నారు. నాలుగో ప్రెస్సు మీద పనిచేసే బసవరాజు, టోకెన్ నలభై ఏడు, కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. మూడో రోజున దవాఖానాలో మనిషే పోయాడు.

ఎవరూ పైకి రాకముందే నేను రికార్డు తీసేశాను. ప్రెస్సుల మోతలో పాట ఇరుక్కున్న సంగతి ఎవరూ గమనించలేదు. విచారణలో పాట సాఫీగానే నడిచిందని సంతకం పెట్టాను. పనివాడి అజాగ్రత్త అని కాగితం మూసేశారు. బసవరాజు భార్య శాంతాబాయి ఓ పొద్దున టైమాఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్నా, నువ్వు పైనున్నవ్ గద. పాట సక్కగనే నడ్సిందా? మా ఆయన గట్ల ధ్యాస లేకుండ జేసెటోడు కాదు."

"సక్కగానే నడిచిందమ్మా," అన్నాను. నేను చేసిన నీచమైన పని అదే. ఆ రోజే సాయంత్రం రికార్డుని నాలుగు ముక్కలు చేసి నాచారం చెరువులో పారేశాను.

ఆ శనివారం డబ్బాలో ఒక చీటీ వచ్చింది. గ్రీజు వేళ్లతో గీసిన డోలు బొమ్మ. పక్కన నలభై ఏడు. బసవరాజుకి రాయడం రాదు, ఎప్పుడూ అలాగే గీసేవాడు. ఎవడో నాతో పరాచికాలాడుతున్నాడని చించేశాను. రెండో శనివారం మళ్లీ వచ్చింది. మూడో శనివారం డబ్బా తాళం నా దగ్గరే పెట్టుకుని, చీటీ వేసిన ప్రతివాణ్ణీ ఎదురుగా కూర్చుని చూశాను. తెరిస్తే అడుగున అదే బొమ్మ. గ్రీజు ఇంకా తడిగా ఉంది.

సోమవారం మేనేజరుగారు నన్ను పిలిచి శుభవార్త చెప్పారు. పాకింగులో ఉన్న మా బావమరిది త్రిమూర్తుల్ని గురువారం నుంచి ప్రెస్సు మీద వేస్తున్నారట. నాలుగో ప్రెస్సు మీద.

త్రిమూర్తులు నా భార్య మంగతాయారుకి ఒక్కగానొక్క తమ్ముడు. వాణ్ణి పెంచింది ఆవిడే. నేనే తీసుకొచ్చి ఉద్యోగంలో పెట్టాను. ఇంకో మెషీను ఇవ్వమని అడగాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే నా సంతకం సంగతి బయటపడుతుంది. నేను నోరు మూసుకున్నాను.

గురువారం వచ్చింది. నా రూలు ప్రకారం ఆ పాట వేసి తీరాల్సిన నాలుగో వారం. పొద్దున్నించీ ముసురు. జాబితాలో దరువున్న పాట ఒక్కటీ లేకుండా చూసుకున్నాను. సాయంత్రం నాలుగున్నరకే షెడ్డులో లైట్లు వెయ్యాల్సివచ్చింది. రేకుల కప్పు మీద వాన. తడిసిన గోనెసంచుల వాసన, కాలిన నూనె వాసన. నేను ఒక షెహనాయి రికార్డు పెట్టాను. జోలపాట లాంటిది. కిటికీలోంచి చూస్తే త్రిమూర్తులు వంగి పనిచేసుకుంటున్నాడు. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు వినబడింది. షెహనాయి వెనక... చాలా దూరంలో... డోలు.

వాన చప్పుడేమో అనుకున్నాను. కాదు. మెల్లగా దగ్గరికొస్తోంది. ప్లేయరు మీద తిరుగుతున్నది షెహనాయి రికార్డే. ముల్లు ఎత్తేశాను. షెహనాయి ఆగింది. డోలు ఆగలేదు.

ఆంప్లిఫయరు స్విచ్చి కట్టేశాను. ఎర్ర దీపం ఆరిపోయింది. వైరు కూడా పీకేశాను. డోలు ఇంకా పెద్దదైంది. గదిలో ఏదో వాసన... దవాఖానాలో గాయాలకు రాసే మందు వాసన.

మెట్లు ఎలా దిగానో తెలియదు.

షెడ్డులో ఎవరూ తల ఎత్తలేదు. పన్నెండు ప్రెస్సులూ ఒకే తాళంలో పడుతున్నాయి. ధబ్... ధబ్... ధబ్... మేస్త్రీ వెంకటరామయ్య చెయ్యి పట్టుకుని ఊపాను.

"డోలు పాట... వినబడట్లేదా?"

"ఏం పాటన్నా? నువ్వే బంద్ జేసినవ్ గద," అన్నాడాయన. "ఏంది, గిట్ల పట్టి ఊపుతున్నవ్?"

ఆయనకు వినబడటం లేదు. మరి త్రిమూర్తులికి?

వాడి పెదవులు కదులుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ దేన్నీ చూడటం లేదు. చెయ్యి లోపలికి... బయటికి... కాలు పెడలు మీద... డోలుకి సరిగ్గా. గీత ఉన్న చోటు దగ్గర పడుతోంది. ఆ చోటు నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఇంకో పది దెబ్బలు. తొమ్మిది...

"ఒరేయ్ త్రిమూర్తులూ! చెయ్యి తియ్యి!"

వాడు వినలేదు. గోడకున్న కరెంటు మెయిను స్విచ్చి దగ్గరికి ఉరికి కిందికి లాగేశాను. లైట్లన్నీ పోయాయి. మోటార్లు ఆగాయి. అయినా ప్రెస్సు వెంటనే ఆగదు. పెద్ద చక్రాలు ఆ ఊపు మీద ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

చీకట్లో ధబ్. మళ్లీ ధబ్.

పాట గీతలో పడింది. అదే ముక్క. అదే ముక్క. ఒక దెబ్బ తక్కువ...

నేను చీకట్లోకి దూకాను. చేతికి చొక్కా దొరికింది. బలమంతా పెట్టి వెనక్కి లాగాను. ఇద్దరం నేలమీద పడ్డాం. మా తలల పైన ఎక్కడో ఇనుము ఇనుముని కొట్టింది. ఆ తర్వాత వాన తప్ప ఏ చప్పుడూ లేదు.

లాంతర్లు వచ్చాయి. వాడి రెండు చేతులూ పట్టుకుని వేళ్లు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి. సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

అచ్యుతరావుగారు గొడుగేసుకుని వచ్చారు. "మెయిను ఎవరు తీశారు? ఎందుకు?"

అందరూ నా వైపు చూశారు. చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. నోరు తెరిచాను. "వైర్లలో నిప్పురవ్వలు కనబడ్డాయి సార్. వాన కదా," అన్నాను. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాం. మంగతాయారు వేడివేడిగా అన్నం, చారు వడ్డించింది. త్రిమూర్తులు కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని విస్తరి వంక చూస్తూ కూర్చున్నాడు.

"తినవేంరా?" అంది వాళ్లక్క.

వాడు నాకేసి తిరిగాడు. "బావా, వెనకనుంచి లాగింది నువ్వేగా?"

"నేనే."

"మరి ముందునుంచి నా మణికట్టు పట్టుకున్నదెవరు? మెషీను లోపల్నుంచి..." గొంతు బాగా తగ్గించాడు. "ఇంకా వదల్లేదు బావా."

దీపం దగ్గరికి జరిపి చూశాను. మణికట్టు మీద దెబ్బ లేదు, కమిలింది లేదు. నాలుగు వేళ్లూ ఒక బొటనవేలూ నొక్కి పట్టినట్టు అయిదు గుంటలు. ముట్టుకుంటే నా వేళ్లకి పట్టుకున్న చెయ్యేదీ తగలలేదు. కానీ గుంటల్లో చర్మం మంచుగడ్డలా ఉంది.

మంగతాయారు మొహం పాలిపోయింది. "ఏమైందండీ అక్కడ? నిజం చెప్పండి," అంది.

ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

"ఏమీ కాలేదే. కరెంటు పోయిందంతే," అన్నాను.

ఆ మాట పూర్తవగానే త్రిమూర్తులు కెవ్వున అరిచాడు. నేను చూస్తుండగానే ఆ అయిదు గుంటలూ ఇంకాస్త లోతుకి దిగాయి.